వెన్న ఒకరికి, చల్ల ఒకరికి

పాలను నీళ్లను వేరుచేయగల పక్షి హంస యని మన కవులు చెప్పిరి. పాలనుండి వెన్నను వేరుచేయుటకు మాత్రము హంస అక్కరలేదు. గృహిణి చేతి కవ్వమే చాలును. కోడికూత వేళ చల్లకుండ ముందు కూర్చుండి ఆమె చేయునది విభజనమే. ఒకటిగా కుండలోనికి పోయిన పెరుగు రెండుగా వెలుపలికి వచ్చును. పైకి తేలినది వెన్న; అడుగున మిగిలినది చల్ల. వెన్న కాగి నేయియై జాడీ కెక్కును, లేదా సంతకు పోవును. చల్ల ఇంటిల్లిపాదికిని, పాలేరుకును, ఇరుగుపొరుగు వారికిని పంచబడును. “చల్లకు వచ్చి ముంత దాచనేల” యను సామెత ఇట్టి లోకములో పుట్టినదే. చల్ల పోయుటను దానముగా నెవరును ఎంచలేదు. నేతిని మాత్రము గరిటతో కొలిచి వడ్డించిరి.

ఈ రెండు భాగములలో బలమైన దేది? లోకమున కడిగినచో నేతిదే పెద్దపీట. బాలింతకు నేయి, కొత్తల్లునికి నేయి, సంపాదించు వానికి నేయి. చల్ల కేవలము దప్పిక తీర్చు పానీయమని పలువురి తలంపు. ఇటీవలి కాలమున దీనికి వ్యతిరేకమైన తలంపును బయలుదేరినది. కొవ్వు చెరుపు చేయును గనుక వెన్న తీసిన పాలే అందరకు శ్రేష్ఠమని కొందరందురు. పోషకాహార శాస్త్రము ఈ రెండు తలంపులను అంగీకరింపదు. పాలలోని రెండు భాగములలో ఏదియు రెండవ దానికి బదులు కాదనియు, ఒకే బిడ్డకు ఒక భాగము మాత్రమే దక్కుచు వచ్చినచో, ఆ కొరతను మరియొక ఆహారముతో తీర్చని యెడల రోగము తప్పదనియు ఆ శాస్త్రము చెప్పుచున్నది. ఈ సంగతి తెలియవచ్చు లోపల డెన్మార్కు దేశమున ఎందరో పసిబిడ్డలు కన్నులు కోల్పోయిరి.

పాలలో ఏమి కలదు

ఆవుపాలు నూరు పాళ్లలో సుమారు 87 పాళ్లు నీరు. తక్కిన 13 పాళ్లలో కొవ్వు ఇంచుమించు 4, పాలచక్కెర 5కు కొంచెము తక్కువ, మాంసకృత్తులు 3కు కొంచెము ఎక్కువ, లవణములు 1కి లోపు. గేదెపాలలో కొవ్వు 6 మొదలు 8 పాళ్ల వరకు నుండును. మాంసకృత్తులును కొంచెము హెచ్చు.

కొవ్వు సన్నని బిందువులుగా నీటి భాగమున తేలుచుండును. కవ్వము త్రిప్పునపుడు ఆ బిందువుల పైపొర చిట్లి, అవి యొకదానితో నొకటి కలిసి ముద్ద యగును. అదియే వెన్న. కొవ్వులో కరగు విటమినులు, వానిలో ముఖ్యముగా ‘ఏ’ విటమిను, వెన్నతో కూడ వెడలిపోవును. తక్కినవి చల్లలో నిలిచియుండును. పాలకు తెలుపు నిచ్చు కేసీను అను మాంసకృత్తు, ఎముకలకును పండ్లకును కావలసిన కాల్షియము, రైబోఫ్లేవిను అను ‘బి2’ విటమిను, శాకాహారులకు మరియొక చోట దొరకుట దుర్లభమైన ‘బి12’ విటమిను, ఇవి యన్నియు అధికభాగము చల్లవే. పెరుగుమీద తేరిన నీటిలో కనబడు లేత పసుపుపచ్చ చాయ ఆ రైబోఫ్లేవినుదే.

100 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. గేదెపాలలో ఇంకను హెచ్చు. వెన్న తీసినంత మాత్రమున అది తరిగిపోదు. ఆ వెన్నను కాచిన నేతిలో వెదకినచో కాల్షియము గాని మాంసకృత్తులు గాని లెక్కింపదగినంత కానరావు. నేయి దాదాపుగా అంతయు కొవ్వే.

ఆవునేయి పసుపుగను గేదెనేయి తెల్లగను ఉండుట చూచి, గేదెనేతిలో సారము తక్కువ యని కొందరు భావింతురు. ఇది సరికాదు. ఆవు తాను మేసిన గడ్డిలోని కెరోటీను అను పసుపు పదార్థమును కొంత అట్లే పాలలోనికి విడుచును. గేదె దానిని ఇంచుమించు పూర్తిగా ‘ఏ’ విటమినుగా మార్చి పాలలోనికి పంపును. ఆ విటమినుకు రంగు లేదు. కావున రంగును బట్టి సారమును కొలువరాదు.

ఎలుకలు చెప్పిన సాక్ష్యము

ఆహారమనగా పిండిపదార్థములు, కొవ్వులు, మాంసకృత్తులు, లవణములు, నీరు మాత్రమే యని పందొమ్మిదవ శతాబ్ది శాస్త్రజ్ఞులు తలంచిరి. 1912లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్సు ఈ అయిదింటిని శుద్ధిచేసి పడుచు ఎలుకలకు పెట్టెను. అవి పెరుగుట మానివేసినవి. దినమునకు ఒక చెంచాకు మించని పాలను ఆ తిండికి చేర్చగనే మరల పెరుగజొచ్చినవి. అంత కొద్ది పాలలో బలము నిచ్చు పదార్థ మెంత యుండును? పాలలో వేరొక సూక్ష్మపదార్థమేదియో కలదని ఆయన నిశ్చయించెను. 1929లో నోబెలు బహుమానము పొందిన ఇరువురలో ఈయన యొకడు.

మరుసటి యేడు, 1913లో, అమెరికా దేశపు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఎల్మర్ మెకొల్లమ్, మార్గరెట్ డేవిస్ అను వారు ఈ ప్రశ్నను మరియొక అడుగు ముందుకు నడిపించిరి. శుద్ధిచేసిన తిండిలో కొవ్వుగా పందికొవ్వును గాని ఆలివ్ నూనెను గాని వాడినపుడు ఎలుకలు కొంతకాలమునకు కృశించినవి. దానికి మారుగా వెన్న కొవ్వు పెట్టినపుడు కోలుకొన్నవి. కావున కొవ్వు లన్నియు నొక్కటి కావు. వెన్నలో నున్నది ఆ నూనెలో లేదు. ఆ యేడే కనెక్టికట్ రాష్ట్రమున ఆస్బర్న్, మెండెల్ అను శాస్త్రజ్ఞులును ఇట్టి ఫలితమునే కనుగొనిరి. కాలక్రమమున ‘ఏ’ విటమిను అను పేరు దీనికి స్థిరపడినది.

ఈ కథలో నొక చమత్కారము కలదు. మెకొల్లమ్ ఎలుకలకు పెట్టిన తిండిలో పాలచక్కెర యుండెను. దానిని మరింత శుద్ధిచేసి పెట్టినపుడు, వెన్న యుండియు ఎలుకలు క్షీణించినవి. పాలచక్కెర నంటిపెట్టుకొని వచ్చిన మలినములోనే నీటిలో కరగు మరియొక విటమిను దాగియున్నదని అప్పుడు తేలినది. అదియే ‘బి’. వెన్న యొక్కటియే ఎలుకను కాపాడినదని తోచిన చోట, కనబడకుండ చల్ల భాగమును తోడుగా నుండెనన్న మాట.

వెన్న పండు దేశమున గ్రుడ్డి బిడ్డలు

ఎలుకలలో తేలిన ఈ సత్యము మనుష్యులలో ఎట్లు ఋజువైనదో చూడవలెనన్న డెన్మార్కునకు పోవలెను. ఆ చిన్న దేశము పందొమ్మిదవ శతాబ్ది చివర వెన్నకు పేరుమోసినది. 1878లో స్వీడను దేశస్థుడు గుస్తాఫ్ ద లావల్ మీగడ తీయు యంత్రమును రూపొందించెను. వేగముగా తిరుగు పాత్రలో పాలు పోసినచో బరువైన నీటి భాగ మొక దారిని, తేలికయైన మీగడ వేరొక దారిని వచ్చును. కవ్వము గంటసేపు చేయు పనిని ఈ యంత్రము క్షణములలో చేయును. పైగా కవ్వము విడిచిన కొద్దిపాటి కొవ్వును సైతము ఇది విడువదు. 1882లో జట్లాండు ప్రాంతమున హియెడింగ్ అను పల్లెలో రైతులు తొలి సహకార పాలకేంద్రమును స్థాపించిరి. త్వరలోనే దేశమంతటను అట్టివి వెలసినవి. రైతు పాలు తెచ్చిపోయును. మీగడ కేంద్రమున నిలిచి వెన్నయై ఇంగ్లండునకు ఓడ యెక్కును. వెన్న తీసిన పాలు రైతు ఇంటికి తిరిగి వచ్చును. ఆ పాలు పందులకును, కొంత పిల్లలకును ఆహారమైనవి.

మరి డెన్మార్కు పేదలు రొట్టెమీద ఏమి పూసికొనిరి? మార్గరీను. ఇది 1869లో ఫ్రాన్సు దేశమున మేజ్ మూరియె కనిపెట్టిన కృత్రిమ వెన్న. కొబ్బరి మొదలగు వృక్షసంబంధమైన నూనెలతో చేసిన ఆనాటి మార్గరీనులో ‘ఏ’ విటమిను లేదు. రుచికి, రూపునకు వెన్నయే. కంటికి కావలసినది మాత్రము అందులో శూన్యము.

కోపెన్‌హేగన్ నగరమున కార్ల్ బ్లాక్ అను శిశువైద్యుని యొద్దకు 1910 తరువాతి సంవత్సరములలో వింతవ్యాధితో బిడ్డలు రాసాగిరి. మొదట చీకటిలో చూపు మందగించును. పిదప కంటి తడి యారిపోవును. తెల్లగ్రుడ్డు కాంతి తప్పి ముడుతలు పడును. తుదకు నల్లగ్రుడ్డు మీది పారదర్శకమైన పొర మెత్తబడి కరగిపోవును. కొన్ని దినములలోనే బిడ్డ శాశ్వతముగా అంధుడగును. అనేకులు ఇతర జాడ్యములు సోకి మరణించిరి. తలిదండ్రులను విచారింపగా వారిలో పెక్కుమంది పాలకు కరవులేని పల్లెటూరి వారే. బిడ్డలకు పాలు పోయుచునే యుండిరి. అవి వెన్న తీసిన పాలు.

ఒక బాలాశ్రమమున ఒకే కప్పు క్రింద రెండు విభాగముల పిల్లలు పెరుగుచుండిరి. వెన్న తీయని పాలు త్రాగిన విభాగమున ఈ కంటిజబ్బు లేదు. అవి దొరకని విభాగమున బయలుదేరినది. బ్లాక్ వెన్న తీయని పాలను, కాడ్ చేప కాలేయపు నూనెను ఇప్పించెను. గ్రుడ్డు చెడకముందు వచ్చిన బిడ్డలు కొలది దినములలోనే కోలుకొనిరి.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము దేశమునే ప్రయోగశాలగా మార్చినది. యుద్ధము మొదలైన తొలి యేండ్లలో వెన్నకు విదేశములలో ధర పెరిగి, పేదల యిండ్లలో అది మరింత అరుదైనది, కంటిజబ్బు హెచ్చినది. 1917లో జర్మనీ జలాంతర్గాములు ఓడల రాకపోకలను అరికట్టగా మార్గరీనుకు కావలసిన నూనెగింజలు రాలేదు, వెన్న ఎగుమతియు సాగలేదు. ఆ యేటి డిసెంబరులో ప్రభుత్వము వెన్నకు రేషను పెట్టి, ధనికుడు పేద యను భేదము లేక తలకు వారమునకు 250 గ్రాముల వంతున అందుబాటు ధరకు ఇప్పించినది. 1918లో ఆ వ్యాధి దాదాపుగా మాయమైనది. యుద్ధము ముగిసి రేషను ఎత్తివేసి, ఎగుమతి మరల సాగగనే 1919 నుండి తిరిగి తల యెత్తినది. బ్లెగ్వాడ్ అను నేత్రవైద్యుడు దేశమందలి లెక్కలను కూర్చి ఈ హెచ్చుతగ్గులను చూపెను.

ఆ దేశమున యుద్ధమునకు ముందు గాని వెనుక గాని వెన్నకు కొరత లేదు. అది ఏ యింటికి పోవుచున్నదను దానిమీదనే బిడ్డల చూపు ఆధారపడినది.

వెన్న తీసిన పాలలో మిగులు బలము

ఇంతమాత్రముచే వెన్న తీసిన పాలు నిస్సారమని తలంపరాదు. అట్లు తలంచిన మరియొక పొరపాటగును.

లండను సమీపమున ఒక బాలాశ్రమమున డాక్టరు కారీ మాన్ జరిపిన పరిశోధన 1926లో ప్రకటింపబడినది. ఆశ్రమపు మామూలు భోజనము తినిన బాలురు ఏడాదికి సగటున 3.85 పౌనుల బరువు, 1.84 అంగుళముల ఎత్తు పెరిగిరి. ఆ భోజనముతో పాటు దినమునకు ఒక పైంటు, అనగా అరలీటరుకు కొంచెము పైగా, పాలు త్రాగిన బాలురు 6.98 పౌనులు, 2.63 అంగుళములు పెరిగిరి. పాఠశాలలలో పాలు పోయవలెనను ఉద్యమమునకు ఈ లెక్కలు ఇంగ్లండులో బలము నిచ్చినవి.

వెన్న పోయిన పాలకు ఈ గుణము మిగిలియుండునా? సమాధానము దక్షిణభారతముననే దొరికినది. నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెక్కారిసన్ నెలకొల్పిన పోషకాహార పరిశోధనశాలకు 1935లో ఆక్రాయిడ్ అధిపతి యయ్యెను. ఆయనయు కృష్ణన్ అను సహచరుడును వసతిగృహములలో అన్నము ప్రధానముగా తినుచున్న పిల్లలకు వెన్న తీసిన పాలపొడిని నీటిలో కలిపి ఇప్పించి, ఫలితములను 1937లో ప్రకటించిరి. ఆ పిల్లలు తోటివారికంటె బరువులోను ఎత్తులోను ఎక్కువగా పెరిగిరి. అన్నమున కొరవడిన కాల్షియము, రైబోఫ్లేవిను, మేలిరకపు మాంసకృత్తులు ఆ పాలలో ఉండుటయే కారణము. నోటి మూలలు పగులుట, నాలుక ఎఱ్ఱబడి మండుట రైబోఫ్లేవిను కొరతకు గుర్తులు. అన్నము తిను ప్రాంతముల బడిపిల్లలలో ఇవి చిరకాలముగా కనబడుచున్నవే.

ఆ కూనూరు పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది.

తెలుగు ఇంటి విస్తరి

ఈ రెండు పాఠములను తెలుగునాటికి అన్వయించి చూడవలెను. మన చల్ల యొక విధముగా డెన్మార్కు రైతుకు తిరిగివచ్చిన పాల వంటిదే. అన్నములో చల్ల పోసికొని తినిన బిడ్డకు మాంసకృత్తులు, కాల్షియము దొరకును; ‘ఏ’ విటమిను అంతంత మాత్రమే. అయినను మన పల్లెలలో నొక సౌలభ్య మున్నది. తోటకూర, బచ్చలి, మునగాకు వంటి ఆకుకూరలలోను, మామిడి, బొప్పాయి పండ్లలోను కెరోటీను విస్తారముగా కలదు. దేహము దానిని ‘ఏ’ విటమినుగా మార్చుకొనును. ఆ కెరోటీను ఒంటబట్టుటకు భోజనములో కొంచెము కొవ్వు ఉండవలెను. తాలింపులోని నూనె అందుకు చాలును. చల్లయు ఆకుకూరయు రెండును తిను పేదబిడ్డకు నేయి లేకున్నను కన్ను చెడదు. చల్ల మాత్రమే తిని, ఆకుకూరను ప్రక్కకు నెట్టు బిడ్డకు రేచీకటి భయము కలదు.

ఈ భయము వట్టిది కాదు. రేచీకటి, కంటి తెల్లగ్రుడ్డుపై నురుగువంటి మచ్చలు ఒకప్పుడు మన పసిపిల్లలలో తరచుగా కనబడెడివి. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఫలితముగా, ఆరునెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల ‘ఏ’ విటమిను ద్రావకమును పిల్లలకు త్రాగించు కార్యక్రమము 1970లో దేశమున ఆరంభమైనది. తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లతో మొదలిడి అయిదేండ్లు నిండువరకు ఇచ్చు ఆచారము నేటికిని సాగుచున్నది.

డెన్మార్కు అనుభవము పాలపొడి విషయమునను జ్ఞాపకము రావలసి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఐక్యరాజ్యసమితి బాలలనిధి మొదలగు సంస్థలు పేదదేశముల బడులకు వెన్న తీసిన పాలపొడిని పంపినవి. పిల్లలు పెరుగుటకు అది తోడ్పడినది. దేహము పెరిగినకొలది ‘ఏ’ విటమిను అవసరమును పెరుగును గనుక, ఆ పొడికి ‘ఏ’ విటమినును చేర్చుట మేలని నిపుణులు హెచ్చరించిరి. 1960ల మధ్యకాలము నుండి అమెరికా దానముగా పంపు పాలపొడిలో దానిని చేర్చసాగిరి.

నేడు పట్టణములలోని పాలు ప్యాకెట్లలో వచ్చుచున్నవి. కవ్వము చేయు విభజనమును ఇప్పుడు డెయిరీ చేయుచున్నది. ‘టోన్డ్’ పాలనునవి బొంబాయిలో 1940లలో దారా ఖురోడీ చూపిన ఉపాయము. వెన్న మిక్కుటముగా గల గేదెపాలకు వెన్న తీసిన పాలపొడిని, నీటిని కలిపి ఎక్కువమందికి తక్కువ ధరకు అందించుటయే దాని రహస్యము. నేటి నియమముల ప్రకారము టోన్డ్ పాలలో 3 పాళ్లు, డబుల్ టోన్డ్ పాలలో 1.5 పాళ్లు, స్టాండర్డు పాలలో 4.5 పాళ్లు, ఫుల్ క్రీమ్ పాలలో 6 పాళ్లు కొవ్వు ఉండవలెను. కొవ్వుతోపాటు పోయిన ‘ఏ’, ‘డి’ విటమినులను పాలలో తిరిగి చేర్చుటకు 2018 నాటి ఆహారభద్రతా నిబంధనలు ప్రమాణములు నిర్ణయించినవి. అట్లు చేర్చిన ప్యాకెట్టుమీద ‘ఎఫ్’ అను ఆంగ్లాక్షరము ‘ప్లస్’ గుర్తుతో కూడి ముద్రింపబడియుండును. డెన్మార్కు బిడ్డలు పోగొట్టుకొన్న దానిని పూరించుటకే ఆ చిన్న గుర్తు.

ఎవరికి ఏది

వయస్సును బట్టియు, విస్తరిలోని తక్కిన పదార్థములను బట్టియు పాలను ఎన్నుకొనవలెను. మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలే ఆహారము. ఏడాది నిండువరకు ఏ పశువు పాలును వానికి బదులు కావు. రెండేండ్లు నిండని బిడ్డకు వెన్న తీసిన పాలు పోయరాదు. ఎదుగుచున్న బడిపిల్లలకు పాలు గాని పెరుగు గాని నిత్యము దొరకవలెను. సామాన్యమైన పెద్దవారికి దినమునకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు జాతీయ పోషకాహార సంస్థ సూచించిన మోతాదు. నడివయస్సు దాటి, దేహశ్రమ తగ్గి, రక్తములో కొవ్వు హెచ్చిన వారికి వెన్న తీసిన పాలు, చల్ల హితము. నేయి మితముగా నుండవలెను.

పాలు త్రాగిన కడుపు ఉబ్బరించువారు కొందరు కలరు. పాలచక్కెరను జీర్ణింపజేయు శక్తి వారి ప్రేగులలో వయస్సుతో తగ్గియుండుటయే కారణము. తోడు వేసినపుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును పుల్లని ఆమ్లముగా మార్చును. అందువలన పాలు పడని వారిలో పెక్కుమందికి పెరుగు పడును.

చల్లను గూర్చి యొక హెచ్చరిక. ఒక గ్లాసు పెరుగునకు మూడు గ్లాసుల నీరు పోసి చిలికినచో, గ్లాసు చల్లలో కాల్షియము పెరుగులోని దానిలో నాలుగవ వంతే యుండును. దప్పికకు ఎంత పలుచనైనను మంచిదే. బిడ్డ భోజనమునకు మాత్రము చిక్కని చల్ల కావలెను. పాలను గాజుపాత్రలో ఎండ తగులునట్లు ఉంచరాదు. వెలుతురునకు రైబోఫ్లేవిను నశించును.

ఈ పాఠమును బడిలో బోధించుటకు పెద్ద పరికరము లేవియు అక్కరలేదు. మూతగల సీసాలో చిక్కని పెరుగు పోసి, కొంచెము చల్లని నీరు చేర్చి, పిల్లలచే వంతులవారీగా కుదిపించిన కొంతసేపటికి వెన్న తేలును. వెన్నను ఒక గిన్నెలోను, చల్లను మరియొక గిన్నెలోను ఉంచి, ఏ విటమిను ఎటు పోయినదో, కాల్షియము ఎక్కడ నిలిచినదో నల్లబల్లమీద రెండు వరుసలుగా వ్రాయించవచ్చును. ఇంటినుండి తెచ్చిన ఖాళీ పాలప్యాకెట్లను చదివించి, వానిమీది కొవ్వు పాళ్లను ఆ ప్రక్కన చేర్చవచ్చును. పిమ్మట అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది. తమ యింట ఆ మొదటి గిన్నె ఎవరి విస్తరికి పోవుచున్నది, రెండవది ఎవరికి మిగులుచున్నది, మిగిలిన వారి విస్తరిలో ఆకుకూర యున్నదా లేదా యని పిల్లలు ఆ రాత్రి భోజనముల వేళ గమనించి మరునాడు చెప్పవలెను.